దీపం పెట్టాకే ముద్ద

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు నంబరు పోల్చుకుంటాను, అక్కడితో సరి. నేను చెబుతుంటే పై అంతస్తులో ఉండే సత్యవతిగారు రాస్తున్నారు. మా ఆయన పోయినప్పుడు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు నాది, మళ్లీ సరిగ్గా రాలేదు. అందుకని ఆవిడ మధ్యమధ్యలో "ఏవన్నావ్?" అంటున్నారు. మళ్లీ చెబుతున్నాను. కొన్ని మాటలు రెండోసారి చెప్పాలంటే ఇంకా కష్టంగా ఉంది.

మా అమ్మాయి హారికకు వచ్చిన జబ్బు సంగతి ఇది. ఇంగ్లీషులో దానికేదో పేరుంది, నాకు నోరు తిరగదు. నాకు తెలిసింది ఒక్కటే. డబ్బాల నిండా బియ్యం ఉన్న ఇంట్లో, వండిపెట్టే తల్లి పక్కనే ఉండగా, నా బిడ్డ ఒళ్లు ఆకలికి ఎండిపోయింది. ఆకలని దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆటలాడే ఆడపిల్లలున్న తల్లులు ఒకసారి వింటారని చెబుతున్నాను. చెప్పుకుంటే నాకూ కొంచెం గుండె దిటవవుతుందేమోనని కూడా.

మాది పాలకొల్లు దగ్గర. మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో డ్రైవరు. పెళ్లయిన ఏడాదికే ఇక్కడికొచ్చాం. హారిక ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది. ఇద్దరికీ అలాగే అలవాటైపోయింది.

ఆయనకో నియమం ఉండేది. స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టేదాకా మంచినీళ్లు తప్ప నోట్లో ఏదీ వేసుకునేవాడు కాదు. ఆయనే కాదు, ఇంట్లో ఎవరూ వేసుకోకూడదు. టీ కూడా తర్వాతే. బండి విషయంలో మాత్రం ఇంకోలా ఉండేవాడు. ట్యాంకు సగానికి రాకముందే పెట్రోలు పోయించేవాడు. "రిజర్వులో బండి తిప్పేవాడు డ్రైవరు కాదే, జూదగాడు" అనేవాడు. బండికి నిండా పోసి, తను ఖాళీ కడుపుతో బయల్దేరిన రోజులు ఎన్నో. పొద్దున్నే సాహెబుగారిని విమానం ఎక్కించాలంటే స్నానం, దీపం అయ్యేసరికి తినే టైముండేది కాదు.

ఆయన పోయింది ఒక చలికాలం పొద్దున. ఆ రోజు మా క్వార్టరుకు నీళ్లు రాలేదు. టాంకీ ఎండిపోయింది. నీళ్లొచ్చాక స్నానం చేద్దామని బకెట్టు పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. "పోనీ ఇవాళ్టికి టీ తాగండి" అన్నాను. "ఆగవే, వస్తాయిలే" అన్నాడు. నీళ్లు రాకముందే ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. గుండెపోటుకీ టీకీ సంబంధం లేదని డాక్టర్లన్నారు. ఉండదు, నాకూ తెలుసు. కానీ ఖాళీ కడుపుతో పోయాడు. అది నన్ను ఇప్పటికీ కోస్తుంది.

క్వార్టరు ఖాళీ చేసి ఢిల్లీలోనే మునిర్కాలో చిన్న ఇంట్లోకి మారాం. హారికకు గుర్గావ్ కంపెనీలో ఉద్యోగం, మెట్రోలో వెళ్లొస్తుంది. కొత్తింట్లో మొదటిరోజు నాన్న ఫొటో దేవుడి పక్కన పెట్టి, "మమ్మీ, దీయా అబ్ మైఁ జలావూఁగీ" అంది. ఇకమీదట దీపం తనే పెడుతుందట. పెట్టుకోనిచ్చాను. ఆయన వత్తి చేసినట్టే సన్నగా చేసేది. నెలలో ఆ నాలుగు రోజులు మాత్రం గదిలోంచి మెల్లగా, "అమ్మా, ఇవాళ దీపం నువ్వు పెట్టు" అనేది. ఆ ఒక్క మాట మాత్రం తెలుగులోనే. స్కూలు రోజుల్నుంచీ అలాంటి సంగతులు తెలుగులోనే చెబుతుంది, పక్కనున్న స్నేహితురాళ్లకు తెలియకూడదని.

ఆ ఎండాకాలంలోనే పరుగు మొదలుపెట్టింది. "నాన్నలా అవ్వకూడదు మమ్మీ" అంది. ఆయన లావుగా ఉండేవాడు. తండ్రి పోయిన పిల్ల మంచం మీద పడి ఏడవడం కన్నా పరిగెత్తడం నయం కదా అనుకున్నాను. పరుగు తర్వాత సైకిలు వచ్చింది, సైకిలు తర్వాత ఈత. మూడూ ఒకే రోజు వరసపెట్టి చేసే పందెం ఉందట. ముందు ఈత, బయటికొచ్చి ఒళ్లు తుడుచుకోకుండానే సైకిలు, సైకిలు దిగి పరుగు. వాళ్లకో గుంపు, ఒక కోచ్ సారు. అందరూ ఉద్యోగాలవాళ్లే, తెల్లారకముందే లేచి సాధన చేసి ఆఫీసులకు పోయేవాళ్లు.

ఈతకు వెళ్లడం మొదలెట్టినప్పుడు ఒకరోజు తిరిగొచ్చి చిరుతిళ్ల డబ్బాలో చెయ్యి పెట్టబోయింది.

"స్నానం కాలేదుగా" అన్నాను.

"మమ్మీ, గంటసేపు నీళ్లలోనే ఉన్నా! ఔర్ కిత్‌నా నహావూఁ?" అంది. ఇంకెంత స్నానం చెయ్యాలని.

"ఆ మందు కలిపిన నీళ్లూ ఓ స్నానమేనా? పదిమంది మునిగిన నీళ్లు. మీ నాన్న వింటే నవ్వుతారు."

నాన్న మాట రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇద్దరం ఫొటో వైపు చూసి నవ్వుకున్నాం. అప్పుడది మాకు నవ్వే.

రోజూ అలాగే జరిగేది. చీకటుండగా లేచి వెళ్తుంది. స్నానం కాలేదు కనుక ఏమీ తినదు. అంతదూరం తొక్కి, అంతసేపు ఈది వస్తుంది. వచ్చి స్నానం చేసి దీపం పెట్టేసరికి మెట్రోకి టైమైపోతుంది. నేను కట్టిన డబ్బా తీసుకుని పరిగెత్తేది. మధ్యాహ్నం ఆఫీసులో తినేది, అదీ మీటింగులుంటే అలాగే మిగిలి వచ్చేది. గుంపులోవాళ్లు జేబుల్లో ఖర్జూరాలు, ఏదో తియ్యటి పాకం పొట్లాలు పెట్టుకుని దారిలో తింటారట. ఇది మాత్రం తినదు. "మా ఇంట్లో దీపం పెట్టాకే" అని చెప్పేదట. గుంపులో కొందరు మెచ్చుకునేవాళ్లట కూడా, ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు బాగా కరుగుతుందని.

మరుసటి ఏడాది హోలీ నాటికి సన్నబడింది. ఆ సన్నదనానికి ఎంత పొగడ్తో! రంగులు పూయడానికొచ్చిన కింది ఇంటి ఆంటీ దాని బుగ్గలు పట్టుకుని, "వాహ్ బేటీ, బిల్‌కుల్ హీరోయిన్!" అంది. నాకు గర్వమే వేసింది. కానీ రంగు పూద్దామని చెయ్యి పట్టుకుంటే ఐసుగడ్డలా ఉంది. బాత్రూం జాలీలో వెంట్రుకలు ఉండలుగా వచ్చేవి. నీళ్లు మంచివి కావు అనుకున్నాను. ఢిల్లీలో దేన్నయినా నీళ్ల మీదకీ గాలి మీదకీ తోసెయ్యొచ్చు.

మాటామాటకీ విసుక్కునేది. ఆదివారం మధ్యాహ్నం పడుకుంటే లేచేది కాదు. అయినా దీపం మాత్రం ఒక్క రోజు తప్పలేదు. పండగలు పోయాయి, ఎండలొచ్చాయి, దీపం రోజూ వెలుగుతూనే ఉంది. ఒకరోజు ఆయన ఫొటో తుడుస్తూ, "చూశారా, మీ కూతురు ఒక్కనాడూ తప్పట్లేదు" అన్నాను. అన్నాక చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఒక్కనాడూ తప్పకపోవడమేమిటి? ఆడపిల్లకు నెలకు నాలుగు రోజులు తప్పాలి కదా! "ఇవాళ దీపం నువ్వు పెట్టు" అని అది నాతో అని ఎన్నాళ్లయింది? గుర్తుచేసుకుందామంటే గుర్తుకు రాలేదు.

సాయంత్రం రాగానే అడిగాను.

"అందరు అథ్లెట్లకీ ఇలా ఆగిపోతుంది మమ్మీ. టెన్షన్ మత్ లో. మంచిదే కదా, గొడవ లేదు."

"గొడవ లేకపోవడమేంటే? పెళ్లి కావాల్సిన పిల్లవి."

"బస్! షాదీ, షాదీ!" అని తలుపేసుకుంది.

నేను పెళ్లి మాట ఎత్తకుండా ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వచ్చేదేమో. ఎవరు చెప్పగలరు?

మే నెల ఎండల్లో పడిపోయింది. గుర్గావ్ దాటి ఎక్కడో సైకిలు తొక్కి, దిగి పరుగు మొదలెట్టిందట. కాలి ఎముక లోపల టప్పుమన్నట్టయి కూలబడిందట. ఎవరూ గుద్దలేదు, రాయీ తగల్లేదు. కోచ్ సారే కారులో ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను ఆటోలో వెళ్లాను. దారంతా మా ఆయన పడిపోయిన స్టూలే కళ్ల ముందు.

పెద్ద సర్కారీ ఆసుపత్రి అది. బెంచీల మీద చోటు లేదు, గోడవారన నేల మీద కూర్చున్నాం. హారిక కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. ఎన్నాళ్ల తర్వాతో దాని కాలు అలా పట్టుకున్నాను. పిక్కలో గట్టి కండ ఉంది, ఆపైన తొడ నా ముంజేతంత ఉంది. ఎప్పుడూ ఆ పొడుగు లాగుల్లోనే కనిపించేది, నేను చూడనే లేదు. మా పక్కన ఒక హర్యానా ముసలమ్మ, మొగుడికి కట్టు కట్టించడానికి వచ్చింది. మూట విప్పి పరోఠా చింపి మాకూ ఇచ్చింది. హారిక తల అడ్డంగా ఊపింది.

"నహాయీ నహీఁ హూఁ, అమ్మా" అంది ముసలమ్మతో. స్నానం చేయలేదట.

ముసలమ్మ నవ్వింది. "అరే, యహాఁ కౌన్ నహాకే ఆయా హై, ఛోరీ? ఖా లే." ఇక్కడికి స్నానం చేసి వచ్చిందెవరే పిల్లా, తిను అని. తినలేదు. ముసలమ్మ ఆ ముక్క నా చేతిలోనే పెట్టి వదిలేసింది. నేనూ తినలేదు. కొంగులో కట్టుకున్నాను.

ఎముకలో చీలిక అన్నారు. సన్నది, వెంట్రుకంత. డాక్టరమ్మ కాలు వదిలేసి వేరే ప్రశ్నలు వేసింది. నెలసరి సరిగ్గా వస్తోందా అంది. హారిక నేల చూస్తూ "ఠీక్ హై" అంది. నా హిందీ కూరగాయల బండి దగ్గర సరిపోయే హిందీ. అయినా ఆగలేకపోయాను.

"మేడమ్, యే రోజ్ దీయా జలాతీ హై. ఏక్ దిన్ భీ నహీఁ ఛోడా." రోజూ దీపం పెడుతోంది, ఒక్కరోజూ మానలేదని.

"అచ్ఛా? బహుత్ అచ్ఛీ బాత్ హై, మాజీ" అంది డాక్టరమ్మ, చాలా మంచి సంగతని. కూతురి భక్తి గురించి చెప్పుకుంటున్నాననుకుంది.

"నహీఁ మేడమ్! అచ్ఛీ బాత్ నహీఁ హై!" అని అరిచాను. బొంగురు గొంతు కదా, వరసలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. హారిక మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతుంటే సిగ్గుపడుతోందనుకున్నాను. ఏడుస్తోంది. ఏడుస్తూనే డాక్టరమ్మకు హిందీలో అంతా విడమరిచి చెప్పింది, మా ఇంట్లో ఆ నాలుగు రోజులు దీపం ముట్టరని, తను ఎన్నో నెలలుగా రోజూ ముడుతోందని. డాక్టరమ్మ కలం కింద పెట్టేసి వింది.

తర్వాత ఆహారం గురించి చెప్పే మేడమ్ దగ్గరికి పంపారు. చిన్నపిల్లే, హారిక కన్నా రెండేళ్లు పెద్దదేమో. "పొద్దున లేచి వెళ్లేముందు ఏం తింటావ్?" అంది. మేమిద్దరం ఒకేసారి "అప్పటికి స్నానం అవ్వదుగా" అన్నాం. ఆమె మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. వెక్కిరించలేదు. మెల్లగా చెప్పింది. రాత్రి తిన్నది తెల్లారేసరికి అయిపోతుంది. ఆపైన చేసే పనికి ఒంటికి ఏమీ అందకపోతే, ఒళ్లు తన దగ్గరున్నదే తీసి వాడుకుంటుంది. ముందు నెలసరి ఆపేస్తుంది, జుట్టు వదిలేస్తుంది, చివరికి ఎముకను బలహీనం చేసుకుంటుంది. వెళ్లేముందు కొంచెం, దారిలో కొంచెం, రాగానే కడుపునిండా తినాలి. అన్నం తినాలి, నెయ్యి తినాలి, చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు వేసిన నీళ్లు తాగాలి.

నేను వింటూ మా ఆయన బండిని తలుచుకున్నాను. ఆ పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం కిందికి దిగనిచ్చేవాడు కాదు. ఆయన కూతురు ఏడాదిగా రిజర్వులో నడుస్తోంది.

వానాకాలమంతా కాలికి ఆసుపత్రివాళ్లిచ్చిన పెద్ద బూటు తొడుక్కుని ఇంట్లో ఉంది. ఆ నెలలు నేను మరిచిపోలేను. కాలు కదపకుండా తినడమంటే దానికి భయం. కంచంలో అన్నాన్ని అటూ ఇటూ జరిపేది. నేను పక్కనే కూర్చుని ముద్దలు లెక్కపెట్టినట్టు చూసేదాన్ని, అది దానికి ఇంకా మంట. ఒకరోజు నెయ్యి వేశానని కంచం తోసేసింది.

"పాపా మోటే థే! ఇసీలియే మర్ గయే!" అని అరిచింది. నాన్న లావుగా ఉన్నాడు కనుకే చచ్చిపోయాడని.

"ఖాళీ కడుపుతో చచ్చిపోయాడే మీ నాన్న!" అని నేనూ అరిచాను. "ఒక్క గుక్క టీ తాగమంటే తాగలేదు. ఇప్పుడు నువ్వూ అలాగే పోతానంటే నేనెవరి కోసం వండాలి?"

ఇద్దరం రెండు గదుల్లో కూర్చున్నాం. బయట వాన పడుతోంది. చాలాసేపటికి బూటు ఈడ్చుకుంటూ వచ్చి నా దగ్గర కూలబడింది.

"మమ్మీ, దీపం కన్నా ముందు తింటే... పాపా కా క్యా బచేగా? ఇంట్లో ఆయనది ఇది ఒక్కటే కదా ఉంది."

నాన్నదంటూ ఇంకేం మిగులుతుందని. నాకూ ఆ మాటే గొంతులో ఉంది. ఆయన చొక్కాలు ఇచ్చేశాం. క్వార్టరు పోయింది. ఆయన నడిపిన బండి ఇంకెవరో నడుపుతున్నారు. పొద్దున్నే ఇంట్లో అందరం కాసేపు ఆకలితో ఉండి ఆయన కోసం ఎదురుచూసే ఆ కాసేపే మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యమంటున్నారు.

బూటు తీసేసిన రోజున కోచ్ సారు ఫోను చేశారు. మెల్లగా ఈత మొదలెట్టొచ్చని డాక్టరు అన్నారట. తిని వస్తేనే నీళ్లలోకి దిగనిస్తానన్నారు. మర్నాటి కోసం హారిక అలారం పెట్టుకుంది. తింటావా అంటే "దేఖ్‌తే హైఁ" అంది. చూద్దాం అంటే తినననే అర్థం.

నేను దానికన్నా ముందు లేచాను. స్నానం చేయలేదు. నీళ్లు లేక కాదు, టాంకీ నిండా ఉన్నాయి. స్టవ్ వెలిగించి టీ పెట్టాను. ఉప్పేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, రెండు అరటిపళ్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా స్నానం కాకుండా ఎంగిలి పడలేదు నేను. ఒక కప్పు టీ తీసుకెళ్లి ఆయన ఫొటో ముందు పెట్టాను.

"తాగండి" అన్నాను. "ఆ రోజు తాగలేదు. ఇవాళ నేనూ స్నానం చేయలేదు, మీరూ చేయలేదు. ఇద్దరం సమానం."

హారిక జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడిపోయింది. దాని ముందే అరటిపండు ఒలిచి కొరికాను. నమిలి నమిలి మింగాను.

"మమ్మీ, దాంత్ తో సాఫ్ కియే నా?"

"పళ్లు తోమానే. మరీ అంత దిగజారలేదు."

నవ్వొచ్చింది దానికి. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు. నా చేతిలో ఉన్న పండులోంచి సగం తుంచుకుని నోట్లో పెట్టుకుంది. నాన్న ఫొటో వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి తింది. మొదటి రోజు అలాగే తింది. మొదటి వారమంతా అలాగే. తర్వాత్తర్వాత ఫొటో ముందే కూర్చుని తినడం నేర్చుకుంది.

అన్నీ బాగైపోయాయని చెప్పను. పందెం ఇంకా కాలేదు, ఎప్పుడవుతుందో తెలియదు. చలి ముదిరితే కాలు సలుపుతుంది. నెయ్యి చూస్తే ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది. సైకిలు మీద వెళ్లే రోజున వీపు జేబులో చిన్న చిన్న నువ్వుండలు పెట్టి పంపుతాను. తిరిగొచ్చాక జేబు తడిమి చూస్తాను. ఖాళీగా ఉంటే ఆ పూట నేను బాగా తింటాను. మిగిలి ఉంటే పోట్లాడుకుంటాం. సత్యవతిగారికి పైన వినిపిస్తూనే ఉంటుంది, అడగండి కావాలంటే.

మీ పిల్ల పొద్దున్నే పరిగెడుతుంటే ఏం తిని వెళ్తోందో చూడండి. సన్నబడిందని ఎవరైనా మెచ్చుకుంటే దాని చెయ్యి ఒకసారి పట్టుకోండి, చల్లగా ఉందేమో. ఆ నాలుగు రోజుల సంగతి సిగ్గుపడకుండా అడగండి, అడిగేటప్పుడు పెళ్లి మాట మాత్రం తేకండి. నాకు తెలిసింది అంతే.

మొన్న దసరా వెళ్లాక ఒక పొద్దున, దాని గదిలో లైటు వెలగలేదు, తలుపు తీయలేదు. టీ చల్లారిపోతోంది. మళ్లీ కాలేమో, కళ్లు తిరిగాయేమో అనుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లాను.

లోపల్నుంచి మెల్లగా అంది, తెలుగులో.

"అమ్మా, ఇవాళ దీపం నువ్వు పెట్టు."

గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. తండ్రితో చెప్పుకునే సంగతి కాదది, అయినా వెళ్లి ఆయనకు చెప్పాను. దానికి టీ, అరటిపండు ఇచ్చి, నేనూ తిని, అప్పుడు స్నానం చేసి దీపం పెట్టాను.